పచ్చిక కింద మట్టి: గాలి రంధ్రాల చరిత్ర

వానపాము రైతు మిత్రుడని మీరు బడిలోనే చదువుకున్నారు. అయితే బ్రిటన్‌లోను, ఆ తరువాత అమెరికాలోను పచ్చిక పెంచేవారు చాలాకాలం దానిని శత్రువుగానే చూశారు. చివరకు అది ఉచితంగా చేసే పనిని యంత్రంతో చేయించుకోవలసి వచ్చింది. ఇంటి ముందరి లాన్‌లో చిన్న చిన్న రంధ్రాలు చేసి, గడ్డి వేళ్లకు గాలి అందించే ఆ పనినే ఏరేషన్ అంటారు. అమెరికాలో స్థిరపడిన మీ బంధువులు ఎవరైనా ఉంటే ఈ మాట వినే ఉంటారు.

ముందుగా అవసరం ఏమిటో చూద్దాం. మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీల్లో గాలి, నీరు రెండూ ఉంటాయి. వేళ్లు కూడా శ్వాసిస్తాయి. వాటికి ఆక్సిజన్ కావాలి. మనుషులు నడిచి, రోలరు దొర్లి నేల అణిగితే ఆ ఖాళీలు మూసుకుపోతాయి. వాన నీరు లోపలికి ఇంకక పైనే నిలుస్తుంది. వేళ్లు లోతుకు దిగవు. బంకమట్టి నేలల్లో ఈ బాధ మరీ ఎక్కువ.

ఇంగ్లండులో పచ్చిక మొదట్లో సంపన్నుల ఎస్టేట్లకే పరిమితం. గొర్రెలు మేసేవి, లేదా కూలీలు పొడవాటి కొడవళ్లతో కోసేవారు. 1830లో గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ ప్రాంతానికి చెందిన ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందాడు. ఉన్ని బట్ట మీది నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి అతనికి ఆ ఆలోచన వచ్చింది. ఇనుముతో పోతపోసిన ఆ బరువైన యంత్రం వెనుక ఒక రోలరు ఉండేది. అంటే గడ్డిని కోస్తూనే నేలను అణిచేది కూడా! క్రమంగా మధ్యతరగతి ఇళ్లకు కూడా పచ్చిక చేరింది. దానితో పాటు అది బల్లపరుపుగా, మచ్చ లేకుండా ఉండాలన్న పట్టుదల కూడా చేరింది.

ఆ నునుపును చెడగొట్టేది వానపామే. అది తిన్న మట్టిని తెచ్చి పచ్చిక మీద చిన్న చిన్న ముద్దలుగా విడుస్తుంది. తోటమాలులకు ఇది నచ్చదని, కాని నేలను తొలిచి గుల్ల చేసి మొక్కల పెరుగుదలకు తోడ్పడేది ఈ పురుగేనని సెల్బోర్న్‌కు చెందిన గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడు 1777లోనే ఒక లేఖలో రాశాడు. చార్లెస్ డార్విన్ దీన్ని కొలిచి చూశాడు. 1842లో తన ఇంటి దగ్గరి పొలంలో సుద్ద ముక్కలు చల్లించాడు. 1871లో అక్కడ కందకం తవ్విస్తే ఆ తెల్లని వరుస 7 అంగుళాల లోతున కనిపించింది. ఒక ప్రయోగ ఫలితం కోసం 29 ఏళ్లు ఆగిన ఓర్పును గమనించండి. 1881లో వెలువడిన ఆయన వానపాముల గ్రంథం, ఇంగ్లండులో అనేక చోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు పైగా మట్టి వాటి శరీరాల గుండా వెళ్తుందని అంచనా వేసింది.

ఇంత స్పష్టంగా చెప్పినా పచ్చిక పెంచేవారు వినలేదు. ఇక్కడ మన చెట్టు ఒకటి కథలోకి వస్తుంది: ఇప్ప. అడవి బిడ్డలు పూలు ఏరుకుని, గింజల నుంచి నూనె తీసుకునే చెట్టు. ఇప్ప గింజల నుంచి నూనె తీయగా మిగిలిన పిండిని 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో బ్రిటన్ గోల్ఫు మైదానాల్లో చల్లి, నీరు పెట్టేవారు. కుంకుడుకాయలో నురగనిచ్చే సాపోనిన్లు ఆ పిండిలో కూడా ఉంటాయి. వాటి మంట భరించలేక వానపాములు పైకి వచ్చేవి. వాటిని ఊడ్చి పారేసేవారు. తరువాతి కాలంలో సీసపు ఆర్సెనేట్, క్లోర్డేన్ వంటి మరింత ఘాటైన విషాలు వచ్చాయి.

గాలి రంధ్రాల కోసం మొదట వాడినది సాదా తోట ఫోర్కు. అడుగడుగునా గుచ్చి కొద్దిగా కదిలించడమే పని, నడుము విరిగేది. ముళ్ల రోలర్లు పని తేలిక చేశాయి కాని వాటిలో ఒక లోపం ఉంది. గట్టి ముల్లు మట్టిని పక్కకు నెడుతుంది. రంధ్రం గోడలు మరింత బిగుస్తాయి. బోలు గొట్టమైతే మట్టిని కడ్డీలాగా పైకి లాగేస్తుంది, లోపల నిజంగా ఖాళీ ఏర్పడుతుంది. ఇలా మట్టిని పైకి తీసే యంత్రాన్ని పెన్సిల్వేనియాకు చెందిన టామ్ మస్కారో 1946లో 'ఏరిఫయర్' పేరుతో తెచ్చాడు. మరుసటి ఏడాదే న్యూయార్క్ శివార్లలో లెవిటౌన్ నిర్మాణం మొదలైంది. అక్కడ వారానికి ఒకసారి గడ్డి కోయాలన్నది ఇంటి పత్రాల్లోని షరతు! నిర్మాణ యంత్రాల కింద అణిగిన నేల మీద వరుసగా పచ్చికలు పెరిగే ఇటువంటి శివారు కాలనీలు అమెరికా అంతటా విస్తరించాయి. గోల్ఫు మైదానం పని క్రమంగా ఇంటి పెరటికి దిగింది.

"వానపాములను చంపారు, అందుకే యంత్రం వచ్చింది" అని పరీక్షలో రాయాలనిపిస్తుంది. తొందరపడవద్దు. వానపాములు ఉన్న నేల కూడా వేల అడుగుల కింద అణుగుతుంది. రోలర్లు, ఆటగాళ్లు, బరువైన కోత యంత్రాలు కూడా కారణాలే. వానపాముల నాశనం నేలకు తనను తాను బాగుచేసుకునే శక్తిని తగ్గించిందని అనడం వరకే సబబు. అంతకు మించి ఒకే కారణానికి ముడిపెడితే చరిత్ర కథగా మారిపోతుంది.

ఇప్పుడు ఏరేషన్ చేసిన పచ్చికను ఒకసారి ఊహించుకోండి. యంత్రం వెళ్లిన దారంతా వేలెడంత మట్టి కడ్డీలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. వాటిని ఏరివేయకుండా అలాగే వదిలేయాలని, వానకు కరిగి గడ్డి మొదళ్లలో కలవనివ్వాలని నేటి తోటల నిపుణులు ఇంటివారికి సలహా ఇస్తారు. పూర్వం తోటమాలులు చీపురు పట్టుకుని ఊడ్చినవి దాదాపు ఇటువంటి మట్టి ముద్దలే.