స్త్రీల పత్రికలు - శ్రామిక స్త్రీ

తెలుగులో స్త్రీల పత్రికల చరిత్రను సాధారణంగా సంస్కర్తల పేర్లతో ప్రారంభించి, వారి పేర్లతోనే ముగిస్తారు. అది అసంపూర్ణమైన చరిత్ర. పత్రికను ఎవరు నడిపారు, ఎవరి కోసం నడిపారు, ఎవరు దాని దృష్టికి రాలేదు అన్న మూడు ప్రశ్నలు కలిపి వేసుకోవాలి.

1883లో కందుకూరి వీరేశలింగం 'సతీహితబోధిని'ని వెలువరించారు. పేరులోనే దాని స్వభావం ఉంది. బోధించేది పురుషుడు, వినవలసింది స్త్రీ. ఇరవై ఏళ్ళలో ఈ సంబంధం మారసాగింది. 1902లో సత్తిరాజు సీతారామయ్య ఏలూరులో స్థాపించిన 'హిందూసుందరి' సంపాదకత్వం మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయి చేతికి వచ్చింది. అందులో రచనలు చేసిన భండారు అచ్చమాంబ, స్త్రీ వెనుకబాటుకు కారణం ఆమె ప్రకృతి కాదనీ, విద్య లేకుండా చేయడమేననీ వాదించారు. మరోవైపు 'సావిత్రి'ని నడిపిన పులుగుర్త లక్ష్మీనరసమాంబ వితంతు వివాహాన్ని వ్యతిరేకించారు. వాదానికి ఇరుపక్షాలా స్త్రీలే నిలవడం నాటికి కొత్త పరిణామం. ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. డచ్చి పాలనలోని సుమత్రాలో రోహానా కుదుస్ 1912లో 'సుంతింగ్ మెలాయు' అనే స్త్రీల పత్రికకు సంపాదకురాలైంది.

1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసులో 'గృహలక్ష్మి'ని స్థాపించారు. 'లోధ్ర' అనే స్త్రీల ఔషధం ఆయన వ్యాపారం. ఆ మందు కొనగల మధ్యతరగతి ఇల్లే ఆ పత్రికను కొనగల ఇల్లు. ఆ పరిధిలో అది చేసిన మేలు తక్కువది కాదు. బాపట్ల రచయిత్రి కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు'లో, స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలో, ఖద్దరునూ విడాకులనూ బాల్యవివాహ నిషేధాన్నీ ఇంటింటి చర్చగా మార్చారు. ఆడపిల్లకు 14 ఏళ్ళు నిండాలన్న 1929 నాటి శారదా చట్టం ఇటువంటి రచనల వల్లనే గృహిణులకు సొంత విషయమైంది.

అయితే ఆనాటి గుంటూరు జిల్లాలోనే పల్నాడు కూడా ఉంది. పశువుల మేతపై విధించిన పుల్లరిని ఎదిరించి 1922లో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు. పుల్లరి అంటే పాడి మీద పన్ను, అంటే పశువును సాకే ఆడదాని రెక్కల కష్టం మీద కూడా పన్ను. స్త్రీ గడప దాటవచ్చునా అన్న చర్చ ఈమెకు వర్తించదు. తెల్లవారకముందే ఆమె పొలానికి పోయేది. ఆమెకు లేనివి తగిన కూలీ, అక్షరమూ. 1951 జనాభా లెక్కల నాటికి కూడా దేశంలో నూరుగురు స్త్రీలలో చదవగలిగినవారు తొమ్మండుగురికి లోపే. 'గృహలక్ష్మి' అన్న పేరులో ఆమెకు చోటు లేదు.

ఆమెకు అచ్చుపుట అందితే ఏమవుతుంది? నెల్లూరు జిల్లా దూబగుంటలో, 1990ల మొదటి సంవత్సరాల్లో, రాత్రిబడికి వచ్చిన కూలి స్త్రీలు వయోజన విద్యా వాచకంలో సారా వల్ల చితికిన సంసారపు కథ చదివారు. చదివి ఊరుకోలేదు, ఊళ్ళో సారాను ఆపించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నూరేళ్ళ పత్రికలు చేరలేకపోయిన చోటికి ఒక చిన్న పాఠం చేరింది, ఎందుకంటే అది ఆమె బతుకును గురించిన పాఠం.

కాబట్టి పాత పత్రికలను తోసిపుచ్చనక్కరలేదు. మాట్లాడే హక్కును స్త్రీ గెలుచుకున్నది వాటిలోనే. కానీ నరసరావుపేటలోనో గురజాలలోనో చదువు చెప్పే ఉపాధ్యాయులు, చదువుకునే విద్యార్థులు తెలుసుకోవలసింది ఒకటుంది: మిరపకోతకు పోయే స్త్రీ పాఠకురాలు మాత్రమే కాక రచయిత్రి కూడా అయిననాడే ఈ చరిత్ర పూర్తవుతుంది.