డిస్కు తిరుగుతుంటే తప్పిపోయిన అక్షరాలు

1990ల నడుమ ఇంటి కంప్యూటర్లో లినక్స్ పెట్టుకున్నవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. మోడెమ్ మీద ఫైలు దిగుతూ ఉంటుంది. అంతలో హార్డ్ డిస్కు గరగరమంటుంది. వచ్చే డేటాలో అక్కడక్కడా అక్షరాలు మాయం.

తప్పు టెలిఫోన్ లైనుది కాదు. సీరియల్ పోర్టులోని పాత 8250 చిప్ ఒక్క అక్షరాన్నే పట్టి ఉంచగలదు. 38,400 బిట్ల వేగంలో సెకనుకు 3,840 అక్షరాలు వస్తాయి. అంటే మిల్లీసెకనులో నాలుగో వంతు తిరిగేలోగా ప్రాసెసర్ వచ్చి తీసుకోవాలి, లేదంటే ఆ అక్షరం పోయినట్టే. ప్రాసెసరేమో మిగతా పరికరాల పిలుపులు, అంటే ఇంటరప్ట్‌లన్నీ ఆపేసి డిస్కు డేటా మోస్తూ ఉండేది. 16 బైట్లు దాచుకునే 16550ఏ చిప్ వచ్చాక కొంత ఊపిరి ఆడింది.

మార్క్ లార్డ్ రాసిన, డిస్కు సెట్టింగులు మార్చే హెచ్‌డీపార్మ్ ప్రోగ్రామ్‌లో ఒక ఆప్షన్ ఉంది. డిస్కు పని మధ్యలోనూ ఇతర ఇంటరప్ట్‌లను రానిస్తుంది. అయితే కొన్ని కంట్రోలర్లతో ఫైల్ సిస్టమే పాడవుతుందని దాని మాన్యువల్ సీఎండీ-640బీ, ఆర్‌జెడ్1000 పేర్లు పెట్టి మరీ హెచ్చరించింది.

న్యూమెక్సికో టెక్‌లో విక్టర్ యొదైకెన్, మైకేల్ బారబనోవ్ తెచ్చిన ఆర్‌టీలినక్స్ ఇంకా లోతుకు వెళ్లింది. లినక్స్ ఇంటరప్ట్‌లను ఆపమంటే ఆర్‌టీలినక్స్ నిజంగా ఆపదు, ఆపినట్టు గుర్తు మాత్రం పెట్టుకుంటుంది. డిస్కు ఎంత మోతెక్కినా, సమయానికి జరిగి తీరాల్సిన రియల్‌టైమ్ పని, ఉదాహరణకు మోటారుకు వెళ్లాల్సిన పల్స్, ఆగదు. అద్భుతమైన ఆలోచన. ప్రమాదమూ అక్కడే ఉంది. లినక్స్ ఒక లాక్ పట్టుకుని సగం పనిలో ఉండగా రియల్‌టైమ్ ఇంటరప్ట్ వచ్చిపడుతుంది. డ్రైవర్ రాసినవాడు పొరపాటున అదే లాక్ అడిగే ఫంక్షన్‌ను పిలిచాడా, యంత్రం బిగుసుకుపోతుంది. డిస్కు ఖాళీగా ఉన్నప్పుడు ఇలా జరగడం అరుదు కాబట్టి లోపం నెలల తరబడి దాక్కునేది. పెద్ద ఫైళ్లు కాపీ చేస్తూ నడిపితేనే బయటపడేది.

2004 నుంచి ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ తదితరులు లినక్స్, రియల్‌టైమ్ అనే ఈ రెండు లోకాల విభజననే చెరిపేయబూనారు. ఇంటరప్ట్ హ్యాండ్లర్లను థ్రెడ్లుగా మార్చారు. దాంతో డిస్కు హ్యాండ్లరూ ప్రాధాన్యం ప్రకారం వరుసలో నిలబడాల్సి వచ్చింది. ఈ పద్ధతి 2009లో 2.6.30 కెర్నల్‌లో చేరింది. మిగతా పనికి మరో పదిహేనేళ్లు పట్టింది. 2024 సెప్టెంబర్‌లో వియన్నాలో గ్లైక్స్‌నర్ ఆ కోడ్‌ను కెర్నల్‌లో కలపమనే చివరి అభ్యర్థనను కాగితం మీద అచ్చు వేయించి, బంగారు రంగు కాగితంలో చుట్టి లైనస్ టొర్వాల్డ్స్ చేతికి అందించారు. ఆ నవంబర్‌లో విడుదలైన 6.12 కెర్నల్‌లో ఆ కోడ్ ఉంది.