జాజ్ వాద్యకారులు: కొన్ని రికార్డులు, కొన్ని ముస్లిం పేర్లు

అమెరికా ముస్లింల చరిత్రను చెప్పే గ్రంథాలు తరచుగా రెండు అధ్యాయాలతో సరిపెట్టుకుంటాయి. బానిసలుగా తరలింపబడిన ఆఫ్రికా ముస్లింలు మొదటిది, మాల్కం ఎక్స్ కాలం రెండవది. నడుమ ఉన్న 1940, 50 దశకాలు దాదాపు ఖాళీ. కొంతకాలం క్రితం అటువంటి ఒక గ్రంథాన్ని తెలుగు చేస్తుండగా, పాదసూచికలో నాలుగు పేర్లు కంటబడ్డాయి: యూసుఫ్ లతీఫ్, అహ్మద్ జమాల్, సాహిబ్ షిహాబ్, ఇద్రీస్ సులైమాన్. వీరు జాజ్ వాద్యకారులని మాత్రమే అక్కడ రాసి ఉన్నది. పేరును తెలుగు లిపిలోకి మార్చి ముందుకు సాగిపోవడం అనువాదకునికి సులువైన పని. నాకు మనసొప్పలేదు. వారి రికార్డులు సంపాదించి వినసాగాను.

సంగీతం ధర్మసమ్మతమా కాదా అన్న చర్చలోకి ఇక్కడ దిగడం లేదు. ఆ విషయంలో ఉలమాల అభిప్రాయభేదాలు పాఠకులకు తెలియనివి కావు. ఇమామ్ గజాలీ తమ ఇహ్యాలో సమా గురించి ప్రత్యేకంగా ఒక భాగమే రాశారు. నా ప్రశ్న చరిత్రకు సంబంధించినది. సారా దుకాణాలు, నాట్యశాలలే ఉపాధిగా బతికినవారు ఇస్లాంను స్వీకరించినప్పుడు వారి జీవితంలో ఏం మారింది?

జాజ్ అనేది 20వ శతాబ్దపు తొలినాళ్లలో న్యూ ఆర్లియన్స్ నగరపు నల్లజాతివారి మధ్య రూపుదిద్దుకున్న సంగీతం. ఒక పాటను ఆధారంగా తీసుకొని వాద్యకారుడు అప్పటికప్పుడు కల్పన చేస్తూ పోతాడు. మన సంగీత విద్వాంసులు మనోధర్మమనేది దీనికి దగ్గరగా ఉంటుంది. ఈ కళాకారులలో చాలామందికి ఇస్లాం పరిచయం అహ్మదియా ప్రచారకుల ద్వారా జరిగింది. పంజాబులోని ఖాదియాన్ నుండి ముఫ్తీ ముహమ్మద్ సాదిఖ్ 1920లో ఫిలడెల్ఫియా రేవుకు చేరగా, అధికారులు ఆయనను కొంతకాలం నిర్బంధించారు. తర్వాత ఆయన చికాగోలో స్థిరపడ్డారు. అహ్మదియాల విశ్వాసాలపై ముస్లిం సమాజపు తీర్పు పాఠకులకు విదితమే. అయినా జరిగినదానిని జరిగినట్లు రాయక తప్పదు.

వీరు మతం ఎందుకు మారారన్నదానికి ప్రచారంలో ఉన్న సమాధానం వర్ణవివక్ష. ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ 1979లో వెలువడిన తన ఆత్మకథలో దీనిని ప్రస్తావించారు. ముస్లిం పేరు పెట్టుకున్న నల్లవాడిని విదేశీయుడనుకొని, తెల్లవారి హోటళ్లలో అన్నం పెట్టేవారట. లియాఖత్ అలీ సలాంగా పేరు మార్చుకున్న డ్రమ్ము వాద్యకారుడు కెన్నీ క్లార్క్ గుర్తింపు కార్డులో జాతి గడిలో తెల్లవాడని సూచించే అక్షరం ఉండేదని కూడా గిలెస్పీ రాశారు. ఇందులో నిజం లేదనను. కాని పూట భోజనం కోసం పేరు మార్చినవాడు, ఆ పేరు కోసం చేతిలోని ఆదాయాన్ని వదులుకుంటాడా? అహ్మద్ జమాల్, యూసుఫ్ లతీఫ్‌ల జీవితాలు చూస్తే ఈ వివరణ నిలవదు.

అహ్మద్ జమాల్ 1930లో పిట్స్‌బర్గ్‌లో జన్మించారు. తొలి పేరు ఫ్రెడరిక్ రస్సెల్ జోన్స్. 1950ల ఆరంభంలో ఇస్లాం స్వీకరించారు. 1958 జనవరిలో చికాగోలోని పెర్షింగ్ హోటలులో, శ్రోతల సమక్షంలో రికార్డు చేసిన ఆల్బం ఆయనకు కీర్తినీ ధనాన్నీ తెచ్చింది. అమ్మకాల పట్టికలో అది రెండేళ్లకు పైగా నిలిచింది. అందులో సుమారు ఎనిమిది నిమిషాల ‘పాయిన్సియానా’ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. వెర్నెల్ ఫోర్నియే డ్రమ్ములపై ఒకే నడకను విడవకుండా పట్టుకొని ఉంటారు. జమాల్ పియానోపై నాలుగు స్వరాలు పలికి, చేయి తీసి, నిశ్శబ్దాన్ని వాయించనిస్తారు. ఫోర్నియే కూడా 1975లో ముస్లిం అయ్యారు. విజయం తర్వాత జమాల్ 1959లో చికాగోలోనే ‘అల్‌హంబ్రా’ అనే సంగీతశాల తెరిచారు. అక్కడ మద్యం అమ్మరు! క్లబ్బుల లాభమంతా మద్యం మీదనే వచ్చే ఆ వ్యాపారంలో ఇది సాహసమే. 1961 నాటికి అది మూతపడింది. ఆయన మాత్రం 2023లో మరణించే వరకు ఆ పేరుతోనే ఉన్నారు.

యూసుఫ్ లతీఫ్ (1920-2013) డెట్రాయిట్‌లో పెరిగారు. 1940ల చివరలో ఇస్లాం స్వీకరించారు. రెండుసార్లు మక్కా యాత్ర చేశారు. కుటుంబ పోషణకు కార్ల కర్మాగారంలో పనిచేస్తున్నప్పుడు సిరియా దేశపు తోటి కార్మికుడొకడు రబాబు గురించి చెప్పాడట. 1961 నాటి ‘ఈస్టర్న్ సౌండ్స్’ ఆల్బంలో రబాబు వినిపిస్తుంది, చైనా మట్టి వాద్యం వినిపిస్తుంది, ఓబోపై వాయించిన విషాదగీతం ఒకటుంది. ప్రాచ్య వాద్యాలను చూసి ఇందులోనే ఇస్లాం ఉన్నదని కొందరు మురిసిపోతారు. నాకలా అనిపించదు. వాద్యానికి మతం లేదు. మతం కనిపించేది మరోచోట. 1975లో ఆయన మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. పరిశోధనాంశం పాశ్చాత్య, ఇస్లామీయ విద్యావిధానాలు. 1980 నుండి మద్యం పోసే చోట వాయించనని తీర్మానించుకున్నారు. ఆ తర్వాత నైజీరియాలోని జరియాలో, అహ్మదు బెల్లో విశ్వవిద్యాలయంలో కొన్నేళ్లు గడిపారు. జాజ్ అనే పదం అశ్లీలార్థాలు కలదని ఆయన దానిని అంగీకరించేవారు కారు.

మురిసిపోవడంలోని ప్రమాదానికి ఒక ఉదాహరణ అహ్మద్ అబ్దుల్ మాలిక్. 1958లో ‘జాజ్ సహారా’ ఆల్బంలో ఊద్ వాయించిన ఈయన తండ్రి సూడాన్ దేశీయుడని అందరూ రాశారు, ఆయనే అలా చెప్పుకున్నారు కనుక. చరిత్రకారుడు రాబిన్ కెల్లీ 2012లో ప్రచురించిన గ్రంథంలో, తల్లిదండ్రులు కరీబియన్ దీవుల నుండి వలస వచ్చినవారని నిరూపించారు. అబద్ధమని కొట్టిపారేయవచ్చు. ముత్తాతల ఊరు పేరు కూడా దక్కనివ్వని బానిసత్వం తర్వాత, మనిషి తన వంశాన్ని తానే ఎన్నుకున్నాడని కూడా అనవచ్చు. నేను రెండవ మాటకే మొగ్గుతాను.

చివరగా ఆర్ట్ బ్లేకీ. డ్రమ్ములలో ఆయనకు సాటి కొద్దిమందే; 1958 నాటి ‘మోనిన్’ వింటే తెలుస్తుంది. ఆయన జీవితం ధర్మనిష్ఠకు ఆదర్శమని చెప్పలేము, మాదకద్రవ్యాల వ్యసనం చాలాకాలం వెంటాడింది. 1940ల చివర ఆయన పెట్టుకున్న పేరు అబ్దుల్లాహ్ ఇబ్ను బుహైనా. మద్రసాలో చదివినవారు ఈ పేరు దగ్గర ఆగక మానరు. ఆ పేరుగల సహాబీ ఒకరున్నారు. తల్లి బుహైనా పేరుతోనే ప్రసిద్ధులు. దైవప్రవక్త (స) ఒకసారి నమాజులో రెండు రకాతుల తర్వాత కూర్చోవడం మరచి లేచి, చివర మరుపుకు గాను రెండు సజ్దాలు చేశారన్న హదీసును బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉల్లేఖించినది ఆయనే. బ్లేకీ 1990లో మరణించే వరకు రికార్డుల అట్టలపై పాత పేరే అచ్చయింది. తోటి వాద్యకారులు మాత్రం బుహైనాను కుదించి ఆయనను ‘బూ’ అని పిలిచేవారు.