ఐదో షెడ్యూల్లో ముఖ్యమంత్రి ఎక్కడ?



పోయిన నెల ఒక రాత్రి అన్నాలయ్యాక, గ్రూప్స్‌కి చదువుకుంటున్న మా హాస్టల్ సీనియర్ అన్న ఒక ప్రశ్న వేశాడు. "ఐదో షెడ్యూల్లో ముఖ్యమంత్రి అన్న మాట ఎన్నిసార్లు వస్తుందిరా?" మాలో ఒకడు ఐదు అన్నాడు, ఇంకొకడు పది అన్నాడు. పుస్తకం తెరిచి వేలు పెట్టుకుంటూ మొదటి నుంచి చివరి దాకా చదివాం. ఒక్కసారి కూడా లేదు. గవర్నర్ ఉన్నాడు, రాష్ట్రపతి ఉంది, గిరిజన సలహా మండలి ఉంది. ముఖ్యమంత్రి లేడు.

మా ఊళ్ళలో రోడ్డు కావాలన్నా, కల్వర్టు కావాలన్నా, బడికి మాస్టారు కావాలన్నా రాసే కాగితం మీద మొదటి మాట "గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి" అనే. గవర్నర్‌కి రాసినోళ్ళని మేం చూడలేదు. మరి రాజ్యాంగం మన విషయంలో గవర్నర్ పేరు ఎందుకు రాసింది, పని మాత్రం ముఖ్యమంత్రి చేతిలో ఎందుకుంది? దీని మీద నెల రోజులుగా హాస్టల్లో గొడవ పడుతున్నాం. తెలుసుకున్నంత వరకు ఇక్కడ పెడుతున్నాం. పెద్ద పోస్టే, ఓపిక పట్టండి.

ముందు "ఏజెన్సీ" అన్న మాట దగ్గర మొదలుపెట్టాలి. ఆ మాట మనందరి నోట్లో ఉంటుంది కానీ ఎక్కడి నుంచి వచ్చిందో మాకూ మొన్నటి దాకా తెలీదు. 1839లో ఇంగ్లీషోళ్ళు గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల మీద ఒక చట్టం చేశారు. కింద మైదానంలో ఉన్న మామూలు కోర్టులు, మామూలు రూల్సు ఇక్కడ చెల్లవన్నారు. జిల్లా కలెక్టరే గవర్నర్‌కి "ఏజెంటు"గా కొండల్ని పాలిస్తాడు. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. అంటే మన ప్రాంతం పేరులోనే గవర్నర్ మనిషి కూర్చున్నాడు. కింద ముఠాదారు, ఆయన పైన ఏజెంటు, ఆ పైన గవర్నర్. ఈ వరసలో మన ఓటుతో వచ్చినోడు ఒక్కడూ లేడు. ముఠాదారీ పద్ధతి కాగితం మీద రద్దయింది 1969లో. మా తాతలు ముఠాదారుకి వెట్టి చేసినోళ్ళే.

మైదానంలో కథ ఇంకోలా నడిచింది. 1920 ఎన్నికల తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. పేరుకే ముఖ్యమంత్రి, ఎందుకంటే డబ్బు, పోలీసు రెండూ గవర్నర్ దగ్గరే ఉన్నాయి. 1935 చట్టంతో ఆ కుర్చీకి కొంచెం బలం వచ్చింది. 1937లో రాజాజీ ఎక్కాడు, అప్పట్లో ఆ పదవిని ప్రీమియర్ అనేవాళ్ళు. అదే 1935 చట్టం మన కొండల్ని "పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు" అని పక్కన పెట్టింది. ఎన్నికైన మంత్రులు చేసే చట్టం గవర్నర్ ఒప్పుకుంటేనే ఇక్కడ అమలవుతుంది. మద్రాసు అసెంబ్లీలో 215 సీట్లుంటే వెనుకబడిన ప్రాంతాలకు, తెగలకు కలిపి ఇచ్చింది ఒకటి. ఒకటే.

ఆదిలాబాద్ వైపు మిత్రులకు ఈ కథ వేరుగా ఉంటుంది. అక్కడ నిజాం రాజ్యం, ప్రధానమంత్రిని నిజామే పెట్టుకునేవాడు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణమిచ్చినప్పుడు ఆ రాజ్యంలో ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వమే లేదు. ఎన్నికల్లో గెలిచి వచ్చిన మొదటి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు, అదీ 1952లో.

1950లో రాజ్యాంగం వచ్చాక మైదానానికి సంబంధించినంత వరకు గవర్నర్ పేరుకు మిగిలాడు, పెత్తనం ముఖ్యమంత్రికి వచ్చింది. అసెంబ్లీలో మెజారిటీ ఉన్నన్నాళ్ళే ఆ పెత్తనం. ఆంధ్ర రాష్ట్రం మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం 1953 అక్టోబరు 1న కుర్చీ ఎక్కి, ఏడాది దాటగానే 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో దిగిపోయాడు. మన కొండలకు మాత్రం పాత ఏజెంటు పద్ధతి కొత్త చొక్కా వేసుకుని ఐదో షెడ్యూల్ పేరుతో కొనసాగింది. ఏ చట్టమైనా షెడ్యూల్డ్ ప్రాంతంలో వర్తించదని గవర్నర్ నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. భూమి బదిలీ మీద, వడ్డీ వ్యాపారం మీద రెగ్యులేషన్లు చేయొచ్చు. రెగ్యులేషన్‌కి సలహా మండలిని అడగాలి, రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. మనల్ని ఓట్ల లెక్కల నుంచి కాపాడాలనే ఇలా రాశారని మా అన్న అంటాడు. అదీ నిజమే అయ్యుండొచ్చు.

కానీ గవర్నర్ తనంతట తాను కలం తీస్తాడా? మామూలుగా మంత్రివర్గం సలహా మీదే గవర్నర్ నడుచుకోవాలని 1974లో శంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదో షెడ్యూల్ పనిలో కూడా జరుగుతున్నది అదే. ఫైలు సచివాలయంలో పుడుతుంది, సంతకానికి రాజ్‌భవన్‌కి వెళుతుంది.

మనందరికీ తెలిసిన 1/70నే చూడండి. 1959 రెగ్యులేషన్ అప్పటికే ఉంది, 1963లో తెలంగాణకూ వచ్చింది. అయినా భూములు పోతూనే ఉన్నాయి. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకుంటూ పోతుంటే ఆపేది లేదు. 1967 అక్టోబరులో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపాక శ్రీకాకుళం కొండలు అంటుకున్నాయి. ఆ మంట ఆరకముందే, 1970 ఫిబ్రవరి 3న 1/70 అమల్లోకి వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ఎవరు అమ్మినా గిరిజనుడికో గిరిజన సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ చెల్లదంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని కోర్టు అనుకుంటుంది, కాదంటే వాడే రుజువు చేసుకోవాలి. సంతకం గవర్నర్ ఖండూభాయ్ దేశాయ్‌ది. ప్రభుత్వం కాసు బ్రహ్మానందరెడ్డిది. మా లెక్కలో దాన్ని రాయించింది వీళ్ళిద్దరూ కాదు, కొండల్లో చచ్చిపోయినోళ్ళు. ఆ ప్రభుత్వమే ఒక చేత్తో 1/70 ఇచ్చింది, ఇంకో చేత్తో ఉద్యమాన్ని అణిచింది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అదే ఏడాది జులైలో చనిపోయారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగినప్పుడు ముఖ్యమంత్రి టి. అంజయ్య. పోలీసు శాఖ ఎవరి చేతిలో ఉంటుందో ఐదో షెడ్యూల్ చదివితే తెలీదు.

కాలంతో పాటు ముఖ్యమంత్రి కలం ఎటు తిరుగుతుందో చింతపల్లి వైపోళ్ళకి చెప్పక్కర్లేదు. 2015 నవంబరులో బాక్సైట్ కోసం జీవో 97 వచ్చింది, 1,212 హెక్టార్ల అడవి. జనం రోడ్డెక్కితే ఆగింది. 2019లో ఇంకో ముఖ్యమంత్రి వచ్చాక రద్దయింది. అడవి అదే, కొండా అదే. 1997లో బొర్రా గనుల మీద సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా అదే ఉంది. మారింది కుర్చీలో మనిషే.

ఇక జీవో 3. మాకు ఇదే అసలు నొప్పి. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అని మొదట 1986లో, ఎన్టీ రామారావు గారి ప్రభుత్వంలో, జీవో 275 వచ్చింది. 1989లో ట్రిబ్యునల్ కొట్టేసింది. 2000 జనవరి 10న చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వం గవర్నర్ అధికారంతో జీవో 3 తెచ్చింది, నూరు శాతం పోస్టులు స్థానిక ఎస్టీలకు. మా ఊరి బడిలో మొదటిసారి మన భాష తెలిసిన టీచరమ్మ వచ్చింది ఆ జీవోతోనే. ఒకటో తరగతిలో "నీరు" అంటే ఏంటో తెలీక బిక్కమొహం వేసుకున్న పిల్లలకి ఆమె మన మాటలో చెప్పింది. ఆమె లేకపోతే మాలో సగం మంది మూడో తరగతి దాటేవాళ్ళం కాదు. 2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జీల బెంచి ఆ జీవోని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. ఉన్న చట్టం వర్తించకుండా చేయడానికో మార్చడానికో పనికొచ్చే నోటిఫికేషన్ అధికారంతో కొత్త చట్టం పుట్టించలేరంది. అప్పటికే చేరినోళ్ళ ఉద్యోగాలు షరతులతో మిగిలాయి. మా ఊళ్ళో డీఈడీ చేసి టెట్ పాసైన అక్క ఆ రోజు నుంచి పుస్తకం మూసేసింది. ఇప్పుడు కింద పట్నంలో బట్టల షాపులో పని చేస్తోంది.

మా హాస్టల్లో గొడవ ఇక్కడే. సగం మంది అంటారు, ఐదో షెడ్యూల్ అధికారం గవర్నర్‌ది కాబట్టి రాజ్‌భవన్ ముందు కూర్చోవాలని. మిగతా సగం అంటారు, నోటిఫికేషన్ దారి మూసుకుపోయింది, రాష్ట్రపతి ఆమోదంతో రెగ్యులేషన్ వస్తుందా, యాభై శాతం లెక్కకి నిలబడేలా ఎలా రాయాలి అన్నది సలహా మండలిలో మాట్లాడాలి, ఫైలు కదిలించాల్సింది ముఖ్యమంత్రేనని. మేం రెండో పక్కన ఉన్నాం. అయితే మొదటి పక్కవాళ్ళ దగ్గర ఒక మంచి ఉదాహరణ ఉంది, దాచకుండా చెప్పాలి. జార్ఖండ్‌లో రఘువర్ దాస్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాల్ని సడలిస్తూ 2016లో అసెంబ్లీ బిల్లులు పాస్ చేసింది. 2017లో గవర్నర్ వాటిని వెనక్కి పంపింది. ఆ గవర్నర్ ద్రౌపదీ ముర్ము, సంతాల్ ఆడబిడ్డ. అంటే గవర్నర్ కూడా కాదనగలరు. అనే మనిషి ఆ కుర్చీలో ఉండాలి మరి.

మరి ముఖ్యమంత్రి కుర్చీలో మనోళ్ళు కూర్చుంటే? మధ్యప్రదేశ్‌లో 1969 మార్చిలో సారంగఢ్ గోండు రాజా నరేశ్‌చంద్ర సింగ్ కూర్చున్నాడు, 13 రోజులు. మనకు పక్కనే ఉన్న గిరిధర్ గమాంగ్ కథ ఇంకా చిత్రం. గునుపూర్ వైపు సవర మనిషి, 1999 ఫిబ్రవరిలో ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాడు. ఎంపీ పదవి ఇంకా వదల్లేదు. ఏప్రిల్‌లో ఢిల్లీ వెళ్ళి వాజ్‌పేయి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశాడు. 269కి 270, ఒక్క ఓటుతో కేంద్ర ప్రభుత్వం పడిపోయింది. దేశమంతా ఆయన్నే తిట్టింది. ఆ అక్టోబరులో పెనుతుఫాను వచ్చింది, డిసెంబరుకి ఆయన కుర్చీ కూడా పోయింది, ఇంకో ఆదివాసీ హేమానంద బిస్వాల్‌కి ఇచ్చారు, మూడు నెలల్లో ఎన్నికలు పెట్టుకుని. మనోళ్ళకి కుర్చీ ఎప్పుడిస్తారంటే పడవ మునిగేటప్పుడు, అంటాడు మా రూమ్మేట్. ఇప్పుడు జార్ఖండ్‌లో హేమంత్ సోరెన్, ఛత్తీస్‌గఢ్‌లో విష్ణుదేవ్ సాయ్, ఒడిశాలో మోహన్ మాఝీ ఉన్నారు కాబట్టి ఆ మాట కొంచెం పాతబడింది.

తెలుగు నేల మీద ఆదివాసీ ముఖ్యమంత్రి ఇంతవరకు లేరు. 2019లో పుష్పశ్రీవాణి గారు, తర్వాత రాజన్నదొర గారు ఉప ముఖ్యమంత్రులయ్యారు, అంతే. ఆంధ్రలో 175కి మన సీట్లు 7, తెలంగాణలో 119కి 12. మంత్రి పదవి కూడా ముఖ్యమంత్రి దయే. ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, మధ్యప్రదేశ్, ఒడిశాల్లో గిరిజన సంక్షేమానికి మంత్రి తప్పకుండా ఉండాలని 164వ అధికరణలో రాసి ఉంది, మన రెండు రాష్ట్రాల పేర్లు అందులో లేవు. ఆంధ్రలో 2014 జూన్ నుంచి 2018 నవంబరు దాకా మంత్రివర్గంలో ఒక్క ఎస్టీ లేడు. అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని మావోయిస్టులు చంపాక ఆయన కొడుకు శ్రవణ్ కుమార్‌ని తీసుకున్నారు. ఏ సభలోనూ సభ్యుడు కాకపోతే ఆరు నెలలే మంత్రిగా ఉండొచ్చు. 2019 మేలో ఆయన రాజీనామా చేశాడు.

మా గొడవ తేలాలంటే ఒక విషయం తెలియాలి. జీవో 3 పోయిన తర్వాత సలహా మండలి ఎన్నిసార్లు కూర్చుంది, ఈ సంగతి ఎజెండాలో ఉందా, తీర్మానం ఫైలు ఏ బల్ల దాకా వెళ్ళింది. పోయిన సోమవారం మేం తొమ్మిది మందిమి తలా కొంత వేసుకుని, 10 రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద దరఖాస్తు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. సంతకం పెట్టినోళ్ళలో బట్టల షాపు అక్క కూడా ఉంది, ఆదివారం సెలవు పెట్టి వచ్చింది. 30 రోజుల గడువు. జవాబు వచ్చినా రాకపోయినా ఇక్కడే పెడతాం. తెలంగాణ వైపు హాస్టళ్ళ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మీ ప్రభుత్వానికి కూడా ఇలాంటిదే వేయాలనుకుంటే మా దరఖాస్తు నకలు కామెంట్లో ఉంది, తీసుకోండి.