ఇంజిను మారింది, క్లచ్ మారలేదు

1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే ఉక్కు వ్యాపార సంస్థ మొదలైంది. ఆ పేరులోని మహమ్మద్, అంటే గులాం మహమ్మద్, నిజాం కొలువులో ఆర్థిక వ్యవహారాలు చూసినవాడు. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి అయ్యాడు. ఇక్కడ మిగిలిన సంస్థ మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకుని, 1940ల చివర్లో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. హైదరాబాద్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్లే మర్రిచెట్ల రోడ్డు లాంటి దారులకు, వాటి పక్కనుంచి చీలే మట్టిబాటలకు ఆ బండి చక్కగా సరిపోయింది.

యుద్ధకాలపు విల్లీస్‌లో ఉన్నది 2.2 లీటర్ల పెట్రోలు ఇంజిను, శక్తి 60 హార్స్‌పవర్. దాని క్లచ్ ప్లేటు వ్యాసం ఎనిమిది అంగుళాలకు కాస్త తక్కువ. ఆ ఇంజినుకు ఆ ప్లేటు చాలు.

1973 తర్వాత పెట్రోలు ధర మండిపోయింది. జీపుల్లో, అంబాసిడర్లలో పెట్రోలు ఇంజిను దింపేసి మెటడార్ లాంటి వ్యాన్ల డీజిల్ ఇంజిను ఎక్కించడం మెకానిక్ షెడ్లలో మామూలైంది. 1980ల్లో మహీంద్రా కంపెనీయే పూజో రకం 2112 సీసీ డీజిల్ ఇంజినుతో జీపులు అమ్మింది. ఫ్యాక్టరీలో బిగించిన బండికీ షెడ్డులో మార్చిన బండికీ అసలు తేడా క్లచ్ దగ్గరే కనిపిస్తుంది. కంపెనీ ఇంజినుకు తగ్గ క్లచ్ చూసి పెడుతుంది. షెడ్డులో చాలాసార్లు ఇంజిను ఒకచోటిది, గేర్ బాక్స్ ఇంకోచోటిది. ఆ రెంటినీ కలపడానికి మధ్యలో లేత్ మిషన్ మీద చేయించిన ఇనుప ప్లేటు ఒకటి వస్తుంది.

కథంతా ఆ ప్లేటులోనే ఉంది. ఇంజిను క్రాంకూ గేర్ బాక్స్ షాఫ్టూ ఒకే గీత మీద తిరగాలి. బోల్టు రంధ్రాలు వెంట్రుకవాసి పక్కకు పోయినా, తిరిగిన ప్రతిసారీ క్లచ్ ప్లేటు మధ్యభాగం వంగి లేస్తుంది. డీజిల్ ఇంజిను కుదుపు దానికి తోడవుతుంది. కొన్నాళ్లు ఏమీ తెలియదు. చివరికి ఒకరోజు లోడుతో గేరు వేసి పెడల్ వదిలితే ప్లేటు మధ్యభాగం ఊడి విడిపోతుంది, బండి అక్కడే ఆగిపోతుంది. యజమాని అకస్మాత్తుగా పోయిందంటాడు. నిజానికి అది పోవడం మొదలైంది ఇంజిను మార్చిన రోజునే.

మంచి మేస్త్రీ వెంటనే గేర్ బాక్స్ దింపడు. ముందు పెడల్ తొక్కి చూస్తాడు. కాలికింద బరువు లేకుండా నేలకంటితే వైరు తెగిందో, ఆయిల్‌తో నడిచే క్లచ్ అయితే సిలిండర్ కారుతోందో చూడాలి. ఇవి బయటి పనులే. పెడల్ గట్టిగానే ఉండి ఇంజిను రేజ్ అవుతూ బండి కదలకపోతే ప్లేటు జారుతోంది, లేదా విరిగింది. జారితే ఘాటైన కాలిన వాసన వస్తుంది. ఇంజిను వెనక సీలు నుంచి ఇంజిన్ ఆయిల్ ప్లేటు మీద పడిందేమో కూడా చూడాల్సిందే. పెడల్ తొక్కినప్పుడే గరగరమంటే అనుమానం రిలీజ్ బేరింగ్ మీదికి పోతుంది. ఈ వరుస పాటిస్తే వైరు ఖర్చుతో పోయేదానికి రోజంతా గేర్ బాక్స్ కింద పడుకోవాల్సిన పని ఉండదు. 

మొదట చెప్పిన బీజాపూర్ రోడ్డు చుట్టుపక్కలా కాలం మారింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలను కట్టడి చేసింది. వాటిలో మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లూ ఉన్నాయి. పొలాల పక్కనే ఫాంహౌస్‌లు పెరిగాయి. ఇప్పుడీ దారిలో అనంతగిరి కొండలకు వెళ్లే జీపుల్లో మార్పు పొదుపు కోసం కాదు, సరదా కోసం. పెద్ద టైర్లు వేస్తారు, ఇంజిను శక్తి పెంచుతారు. టైరు పెద్దదయ్యేకొద్దీ బండిని కదిలించేటప్పుడు క్లచ్ మీద భారం పెరుగుతుంది.

కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇంజిను మార్చాలంటే ఆర్టీఓ అనుమతి ఉండాలి. పాత మార్పిడి బండ్లు రిపేరుకొస్తే క్లచ్ ప్లేటు ఒక్కటే మార్చి పంపడం తప్పు. ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంకు చివరి పైలట్ బేరింగ్ చూసి, ఇంజినుకూ గేర్ బాక్స్‌కూ మధ్యనున్న ఇనుప ప్లేటు సెంటరు డయల్ గేజీతో కొలవాలి. అది సరిచేయకుండా బిగిస్తే కొత్త క్లచ్ ప్లేటూ అదే చోట విరుగుతుంది.