కట్ట కింద పులస

ధవళేశ్వరంలో మా తాతది వలబతుకు. గోదారికి ఎర్రనీరు తగలగానే పడవ తీసేవాడు. సముద్రంలో విలస అనే చేపే గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది మనకు పులస అవుతుంది.

1847లో మొదలైన కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది. డెల్టాకు అన్నం పెట్టిన కట్ట, కాదనను. పులసకు మాత్రం అడ్డుగోడ. 1982 నాటికి దాని స్థానంలో గేట్ల బ్యారేజీ నిలిచింది.

నా చిన్నప్పుడు ఆ గేట్ల దిగువన, నురగలో ఎదురెక్కి, జారి, మళ్లీ ఎదురెక్కే చేపల్ని తాత చూపించాడు. వలలన్నీ అక్కడే పడేవి. నాకది ఇప్పటికీ మింగుడుపడదు. గుడ్లతో బిగిసిన పులస పొట్టను తాత బొటనవేలితో నిమిరాడు.

"ఇంకా పైకెళ్లాల్సిందిరా, అబ్బాయ్" అన్నాడు.