గాలి బాగా ఆడే హాలు

1916 ఫిబ్రవరి, మొదటి ప్రపంచ యుద్ధం. బెల్జియంలోని ఈప్ర. పాత కోటగోడ కింద గదిలో కొవ్వొత్తి వెలుగుతోంది. కెప్టెన్ ఫ్రెడ్ రాబర్ట్స్, లెఫ్టినెంట్ జాక్ పియర్సన్ కాగితం మీదికి వంగి ఉన్నారు. ఒకరు రాసింది చదువుతుంటే రెండోవారు పగలబడి నవ్వుతున్నారు. పైన ఎక్కడో గుండు పడింది. రాలిన మట్టిని కాగితం మీంచి దులిపి మళ్లీ అందుకున్నారు.

ఆ కాగితం పట్టుకుని బయటికి రండి. గోడల నీడనే నడవండి. చౌకులో క్లాత్ హాల్, మధ్యయుగంలో బట్టల వర్తకుల కోసం కట్టిన మహా భవనం. ఇప్పుడు కప్పు లేదు. మొండిగోడల మధ్య చుక్కలు కనిపిస్తున్నాయి.

పక్కనే కూలిన అచ్చాఫీసు. కందకాలు తవ్వే బ్రిటిష్ దళం షెర్వుడ్ ఫారెస్టర్స్ 12వ బెటాలియన్ వాళ్లకు ఈ శిథిలాల కిందే ప్రెస్సు దొరికింది. యుద్ధానికి ముందు అచ్చుపని చేసిన ఓ సార్జెంటు దాన్ని మళ్లీ నడిపించాడు. టైపు చాలదు. ఒక పేజీ కూర్చి, అచ్చువేసి, విప్పి, అవే అక్షరాలతో తర్వాతి పేజీ. పత్రిక పేరు 'ది వైపర్స్ టైమ్స్'. ఇంగ్లిష్ సిపాయి నోట ఈప్ర అలా మారిపోయింది. మొదటి సంచిక 100 ప్రతులు.

సార్జెంటు భుజం మీదుగా చూడండి. సిరా ఆరని ప్రకటన: క్లాత్ హాల్‌లో వినోద ప్రదర్శన, ఊళ్లో ఇంత గాలి ఆడే హాలు ఇంకోటి లేదట! ఇప్పుడే దాని పక్కనుంచి వచ్చాం కదా.

తర్వాతి సంచికల్లో యుద్ధాన్ని వీరగాథలా వర్ణించే విలేఖరి బీచ్ థామస్ 'టీచ్ బోమస్' అయ్యాడు. శత్రువు పని అయిపోయిందని ఇంట్లో కూర్చుని లెక్కలు కట్టే హిలేర్ బెలాక్ 'బెలారీ హెలాక్' అయ్యాడు. సైన్యంలో కవిత్వం అంటువ్యాధిలా ప్రబలిందనీ, కాస్త వచనం కూడా పంపమనీ సంపాదకులు రాబర్ట్స్, పియర్సన్‌ల మొర. నేను ఈ పత్రికను ప్రేమించేది ఇందుకే. ఎదుటి కందకంలో తమలాగే తడుస్తున్న జర్మన్ కంటే, పొయ్యి పక్కన వెచ్చగా కూర్చుని యుద్ధం గొప్పదనం చెప్పే పెద్దమనుషుల మీదే వీళ్ల విసుర్లు ఎక్కువ. మోకాలిలోతు బురదలో నిలబడ్డవాళ్లు ఆ విసుర్లు విసురుతుంటే నాకు నవ్వుతో పాటు గొంతు పట్టేస్తుంది.

ఒక కుర్ర సిపాయి తన ప్రతిని చొక్కాలోకి దోపుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగలేక బయటికి తీశాడు. అగ్గిపుల్ల గీసి, అరచేయి అడ్డుపెట్టి, హాలు ప్రకటన పక్కవాడికి చదివి వినిపిస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి తలెత్తి, కప్పులేని క్లాత్ హాల్ వైపు చూశారు.